బీరప్ప ఒప్పుకోలు

నవంబర్ 10, సోమవారం. కోదాడ

ఈరోజు ఒక ముసలాయన మూడేళ్ల జైలు అడిగి మరీ తీసుకోబోయాడు. నేను ఆపాను. ఈ గదిలో చెప్పుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను: ఈరోజు ఈ వందన బాగా చేసింది.

ఆయన పేరు బీరప్ప. చిలుకూరు దగ్గర ఊరు. గొర్రెల కాపరి, అరవై ఎనిమిదేళ్లు. లాయరును పెట్టుకునే స్థోమత లేదని లీగల్ ఎయిడ్ వాళ్లు పది గంటలకు ఫైలు నా చేతిలో పెట్టారు. పదకొండుకు కేసు పిలిచారు. పోయిన ఫిబ్రవరిలో ఆయన గొర్రెలు మల్సూర్ అనే రైతు వరి పొలంలో పడ్డాయి. మల్సూర్ అరుచుకుంటూ వచ్చాడు. బీరప్ప దోటితో, అంటే చెట్ల కొమ్మలు దించే పొడుగు కట్టెతో (చివర కొడవలి కట్టి ఉంటుంది), అతని తల మీద కొట్టాడు. ఐదు కుట్లు. ఇదీ పోలీసుల కథ. ఆయుధంతో గాయపరిచిన నేరం, మూడేళ్ల దాకా శిక్ష.

జడ్జి గారు నేరారోపణ చదివి వినిపించి, అందరినీ అడిగేదే అడిగారు. "నేరం ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంట సార్. తప్పు నాదే."

టైపిస్టు వేళ్లు మీటల మీదికి పోతున్నాయి. నేను లేచి "సార్, ఒక్క నిమిషం" అన్నాను. అన్నాను కాదు, అరిచాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. జడ్జి గారు కళ్లద్దాల పైనుంచి చూసి అరగంట టైమిచ్చారు.

వరండాలోకి లాక్కొచ్చి నాలుగు చివాట్లు పెట్టాను. ఒప్పుకుంటే అక్కడికక్కడే శిక్ష వేయొచ్చు తాతా, ఎంత వేస్తారో మన చేతిలో ఉండదు అన్నాను.

"ఒప్పుకుంటే అయిపాయె గద బిడ్డా. జనవరిల మందను తోలుకొని కృష్ణ దాటాలె. ఎండలు ముదిరితె గీడ మేత యాడుంటది? వాయిదా వాయిదాకు ఆంధ్ర నుంచి ఉరికొస్తె గొర్లను ఎవడు జూస్తడు?"

ప్రతి ఏడూ మఠంపల్లి దిక్కునుంచి ఏరు దాటి పోతారట, వానలు పడ్డాక తిరిగొస్తారట. ఆ తర్వాత ఆయన తలుపులోంచి కోర్టు హాలంతా కలియజూసి, "మల్సూరన్న రాలేదా?" అని అడిగాడు. సాక్షులను ఇంకా పిలవలేదని చెప్పాను. ఎదురుపడాలంటే భయం కాబోలు.

మళ్లీ పిలిచినప్పుడు నేను నేర్పినట్టే "ఒప్పుకోను సార్" అన్నాడు, నేల చూస్తూ. బయటికొచ్చాక నా మీద కోప్పడ్డాడు.

"నాతోని అబద్దం చెప్పిచ్చినవ్ బిడ్డా."

సరే. కొట్టాడన్న మాట. కొట్టినవాళ్లకే కదా లాయరు కావాల్సింది.

నవంబర్ 11

దొరికింది! దొరికింది!

నవంబర్ 12

ప్లీ బార్గెయినింగ్. చదువుకునేటప్పుడు ఐదు మార్కుల ప్రశ్న, ఆ తర్వాత ఎవరి నోటా వినలేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమై, ఆడవాళ్ల మీదా చిన్నపిల్లల మీదా చేసింది కాకుండా ఉంటే, నేరారోపణ అయిన ముప్పై రోజుల లోపు ముద్దాయే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బాధితుడు, ముద్దాయి, ప్రభుత్వ ప్లీడరు, పోలీసు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుని, పరిహారం తేల్చుకుంటారు. మొదటి తప్పు అయితే శిక్ష ఆరో వంతుకు దిగుతుంది. అదృష్టం బాగుంటే జైలే ఉండదు, మంచిగా ఉంటానని పూచీ రాసిచ్చి ఇంటికి పోవడమే. అప్పీళ్లు లేవు, వాయిదాలు లేవు. బీరప్ప జనవరిలో ఏరు దాటొచ్చు.

మామూలు రాజీ ఈ సెక్షనుకు కుదరదు, లోక్ అదాలత్‌లో కలిపేయడానికి వీల్లేదు. ఇదొక్కటే దారి.

బార్ రూములో చెప్తే పెద్దాయనలిద్దరు టీ గ్లాసులు కింద పెట్టి నవ్వారు. ఈ కోర్టులో అలాంటిది ఎవరూ వేసినట్టు తమకు గుర్తు లేదన్నారు. అంటే నేనే మొదటిదాన్ని. నవ్వుకోనీ.

సూర్యాపేటకు ఫోన్ చేశాను, తిరుపతమ్మ గారికి. నాలుగేళ్లు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను, ఇప్పటికీ ఆవిడకు చెప్పనిదే ఏదీ జరిగినట్టు ఉండదు నాకు. అంతా విని ఒకటే అడిగారు. "కొట్టిండా లేదా అని ఆయన్నే అడిగినవా?"

అడిగాను అన్నాను.

అడిగినట్టే కదా. అబద్ధం చెప్పించావని తన నోటితో తనే అన్నాడు. ఇంకేం అడగాలి?

నవంబర్ 16, ఆదివారం. మిర్యాలగూడ

అమ్మ దగ్గరికొచ్చాను. మిల్లుల పొట్టు దుమ్ము ఈసారి ఎక్కువగా ఉంది, మేడ మీద ఆరేసిన బట్టలన్నీ మళ్లీ ఉతికింది.

అమ్మ ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే చీరలు అమ్ముతుంది. కోర్టులో బేరం అనగానే ఆమెకు భలే నవ్వొచ్చింది. ఆయన నేరం ఒప్పుకుంటాడు, బదులుగా శిక్ష తగ్గుతుంది అని వివరించాను.

"బేరమంటే ఇద్దరు తగ్గాలె గదనే. ఈ ముసలాయన తగ్గుతున్నడు. మరి అవతలాయన ఏం తగ్గుతున్నడు?"

అవతలాయన తల పగిలిందమ్మా, ఆయనెందుకు తగ్గుతాడు అన్నాను. అమ్మకు చట్టం తెలీదు.

నవంబర్ 20

దరఖాస్తు వేశాను. పది రోజుల్లోనే! ప్రమాణపత్రం బీరప్పకు చదివి వినిపించాను. స్వచ్ఛందంగా కోరుతున్నానని, శిక్ష ఎంతో తెలుసని, ఇంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడలేదని. కొంచెం వేగంగానే చదివాను, కోర్టు లేచే టైమైంది. ఆయన ప్రతి వాక్యానికీ తల ఊపాడు. చివర్లో సంతకం పెట్టబోతూ, "గా గదిల మల్సూరన్న ఉంటడా?" అన్నాడు.

ఉంటాడు తాతా, ఎదురుగానే కూర్చుంటాడు, భయపడకు అన్నాను.

"అయితె పెడత," అని సంతకం పెట్టాడు. మూడో తరగతి చదివాడట, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

ఫైలు మొత్తం చదివాను. గట్టి కేసు. దరఖాస్తు వేయడమే తెలివైన పని.

నవంబర్ 27

ఈరోజు జడ్జి గారు ఆయన్ని ఒక్కడినే లోపల కూర్చోబెట్టుకుని అడిగారు. ఎవరి బలవంతమైనా ఉందేమో తేల్చుకోవడానికి. అవతలి పక్షం ఉండకూడదు, తలుపులు వేస్తారు. నేను వరండాలో ఇరవై నిమిషాలు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. తడబడితే దరఖాస్తు పోతుంది.

బయటికొచ్చి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎవలన్న బెదిరిచ్చిండ్రా అని అడిగిండు సారు. లేదన్న. తప్పు నాదే, నా ఇష్టంతోనే ఒప్పుకుంటున్న అన్న."

ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. డిసెంబర్ తొమ్మిదిన మీటింగ్. నోటీసులు వెళ్తున్నాయి.

డిసెంబర్ 2

బార్ రూములో స్వీట్లు పంచాను. ఇంకా పూర్తి కాలేదు కదమ్మా అన్నారు పెద్దాయన, రెండు బాదుషాలు తీసుకుంటూనే. కావాల్సిందేముంది, లాంఛనమే కదా అన్నాను. సూర్యాపేట నుంచి కూడా ఒకరు ఫోన్ చేసి దరఖాస్తు కాపీ పంపమన్నారు. నమూనాగా ఉంచుకుంటారట!

డిసెంబర్ 9

ఏమని రాయను.

డిసెంబర్ 10

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు మొదటి నుంచి రాస్తాను, ఒక్క మాట కూడా వదలకుండా.

కోర్టు వెనక లోక్ అదాలత్ గది. ప్రభుత్వ ప్లీడరు రవి గారు, కేసు దర్యాప్తు చేసిన ఎస్సై, నేను, బీరప్ప ఒక వైపు. ఎదురుగా మల్సూర్, పక్కన కొడుకు జీవన్. జీవన్‌కు ఎరువుల షాపు ఉంది, ఫిర్యాదు రాసింది అతనే. మల్సూర్‌ను చూడటం నాకదే మొదటిసారి. బీరప్ప వయసే, నుదుటి పైన వెంట్రుకల్లో పొడుగు మచ్చ. వచ్చిన దగ్గర్నుంచీ బల్ల వైపే చూస్తున్నాడు.

రవి గారు ఇంకా ఫైలు తెరవనే లేదు, బీరప్ప లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పు నాదే మల్సూరన్నా. గొర్లు నాయి. కాయాల్సినోన్ని నేను. మొత్తం తప్పు నా నెత్తిన ఏసుకుంటున్న."

నేను ఇంత బాగా నేర్పలేదే అనుకుని పొంగిపోయాను. రవి గారు కూడా మెచ్చుకోలుగా తల ఊపి, "సరే, కూర్చో పెద్దాయనా. ఇప్పుడు పరిహారం సంగతి" అన్నారు.

జీవన్ మొదలుపెట్టాడు. "మా నాన్నకి నెలరోజులు పనులు పోయినాయండి. ఇప్పటికీ తల తిరుగుతుందంటాడు. ఊరికే వదిలిపెట్టేది లేదు." ఏదో అంకె చెప్పాడు, రవి గారు ఇంకో అంకె చెప్పారు. నేను లేచి మధ్యలో దూరాను. అంతా నేను ఊహించినట్టే నడుస్తోంది, బీరప్ప కూర్చోకపోవడం తప్ప.

"తాతా, కూర్చో."

కూర్చోలేదు. ఎస్సై కుర్చీ జరిపాడు, అయినా కూర్చోలేదు. పోట్లాటకు నిలబడ్డట్టు కూడా లేదు. చేతిలో తువ్వాల పట్టుకుని, మల్సూర్ ముఖం చూస్తూ, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఓపిగ్గా ఉన్నాడు. నాకు చిరాకేసింది. చెయ్యి పట్టి లాగాను కూడా.

"అన్నను చెప్పనీ బిడ్డా. అన్న చెప్పినంక కూసుంట."

"ఏం చెప్పాలి ఆయన? చెప్పాల్సింది నువ్వే, చెప్పేశావు."

"మా తాన గట్ల కాదు."

అప్పుడు చెప్పాడు. నాకు కాదు, అందరికీ. వాళ్ల ఊళ్లో గొర్రెలు పొలంలో పడ్డ తగవు ఏదొచ్చినా తీరేది ఒకే పద్ధతిలోనట. ముందు మందగలాయన లేచి మొత్తం తప్పు తన మీద వేసుకుంటాడు. అంతా తనదే కాకపోయినా సరే వేసుకుంటాడు. ఎదుటివాడు తన వంతు తప్పెంతో చెప్పి వెనక్కి తీసుకునేదాకా కూర్చోడు. మొత్తం మోసేవాడిని అలాగే నిలబెట్టి చూస్తూ ఊరుకుంటే, అలా చూసినవాడికే ఊళ్లో పరువు పోతుందట.

"ఫిబ్రవరి నుంచి జూస్తున్న. ఊళ్లె పంచాయితికి పిలిస్తే జీవన్ రానియ్యలే, కేసున్నది మాట్లాడొద్దన్నడు. కోర్టుల కలుస్తడనుకున్న, రాలే. ఈ బిడ్డ ఒక గది ఉన్నది, ఆడికొస్తడన్నది. అందుకే సంతకం పెట్టిన."

జీవన్ "ఈ పంచాయితీలు ఇక్కడ నడవవు" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మల్సూర్ బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు.

"కూసో బీరన్నా."

బీరప్ప కదల్లేదు.

"కూసో. సగం నాది." మల్సూర్ తల ఎత్తాడు. "నువ్వు నన్ను కొట్టలే. గొర్లను కొట్టుకుంట కాలువ గట్టు మీద ఉరికిన. కాలు జారి తూము మీద పడ్డ. ఇనుము కోసుకపోయింది. కొట్టిండని కాయితం రాస్తే ఏలుముద్ర ఏసిన. గది నా తప్పు."

"నాయినా!" జీవన్ లేచాడు. "ఏం మాట్లాడుతున్నావు? నెత్తురు నేను కళ్లతో చూడలేదా? దోటి పక్కనే లేదా?"

"సూసినవ్ బిడ్డా. నెత్తురు సూసినవ్, దోటి సూసినవ్. నేను పడ్డది సూడలే. దవాఖానల కుట్లేస్తుంటె కొట్టిండని రాసుకొచ్చినవ్. ఎనకకు తీస్కుంటె పదిమందిల నీ మాట పోతదని నోరు మూసుకున్న. పది నెలలసంది నిద్ర లేదు నాకు."

అప్పుడు బీరప్ప కూర్చున్నాడు. తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాడు. మల్సూర్ ఏడుస్తున్నాడు, జీవన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నువ్వు కొట్టలేదా తాతా?"

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "నేనెందుకు కొడ్త బిడ్డా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే గద."

డిసెంబర్ 10, సాయంత్రం

ఫైలులో పద్నాలుగో పేజీ. దవాఖాన రిజిస్టరు నకలు. వచ్చిన టైము, గాయం కొలత, కిందే డాక్టరు చేతిరాత: కాలువ గట్టుపై జారిపడినట్టు తెలిపారు. తీసుకొచ్చిన వ్యక్తి: బీరప్ప.

ఫైలు మొత్తం చదివానని పైన రాసుకున్నాను. చదవలేదు. సెక్షన్ దొరికిన సంబరంలో ప్రమాణపత్రం రాయడానికి కావాల్సిన పేజీలు చదివాను. కొట్టినవాడు, నిన్న బయటికొచ్చాక మల్సూర్ చెప్పినట్టు, తన తువ్వాలతోనే కట్టు కట్టి, ఎవరి బండో ఆపి, వెనక కూర్చుని పట్టుకుని పదిహేను కిలోమీటర్లు తీసుకొస్తాడా? ఒక్కసారి ఆ పేజీ తిప్పి ఉంటే. కోదాడలో మొదటి ప్లీ బార్గెయినింగ్ నాదే కావాలి, అదే నా కళ్ల ముందు ఆడింది. చెయ్యని నేరానికి ఒక మనిషి చేత గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టించాను. సిగ్గుగా ఉంది. ఇంకో మాట దొరకడం లేదు.

డిసెంబర్ 11. సూర్యాపేట

తిరుపతమ్మ గారి ముందు కూర్చుని అంతా చెప్పాను. అడిగానని అబద్ధం చెప్పిన సంగతి కూడా. తిడతారనుకున్నాను. తిట్టారు. తర్వాత టీ తెప్పించారు.

"ఆ దరఖాస్తుల ఒప్పుకున్నది ఇంకెక్కడ వాడనీకి లేదు, చట్టంలనే రాసి ఉన్నది. మీటింగుల ఒప్పందం కాలేదని రాస్తరు, కేసు ఆగిన కాడ్నుంచి మళ్ల నడుస్తది. ఏడ్చుడు ఆపి సాక్షులను చూసుకో."

ఆ మీటింగ్ రోజు రవి గారు వరండాలో నాతో అన్నది ఆవిడకు చెప్పాను. "చూడు వందనా, ఇప్పటికైనా బేరం ముగించుకోవచ్చు. పూచీ మీద వదిలేయడానికి నాకేం అభ్యంతరం లేదు. వారంలో ఆర్డర్ వస్తుంది, ముసలాయన గొర్రెలతో పోతాడు. విచారణ అంటే ఎండాకాలం దాకా లాగుతుంది." చెడ్డ మాట కాదు అది. బీరప్పకు ఆ రోజే ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి నెమ్మదిగా చెప్పాను.

"కాయితంల ఏమని రాస్తరు?" అన్నాడు.

"దోటితో మల్సూర్ తల మీద కొట్టినట్టు ఒప్పుకున్నాడు అని."

"గొర్లు పడ్డయని రాయరా?"

"అది ఈ కేసులో లేదు తాతా."

"గొర్లు పడ్డది నా తప్పు. గది ఎంతమందిల అడిగినా ఒప్పుకుంట. మనిషిని కొట్టిన్నని ఎట్ల రాయిస్త? మా ఇంట్ల మనిషి మీద చెయ్యెత్తినోడు లేడు." తర్వాత గొంతు తగ్గింది. "నా పెండ్లాం దుర్గమ్మ ఉన్నది, నా కొడుకు పరశురాములున్నడు. నేను లేకున్నా మందను దాటిస్తరు."

యాభై ఏళ్లలో ఆయన లేకుండా మంద ఏరు దాటడం ఇదే మొదటిసారి అవుతుందట. అలా కానివ్వను. రాసి పెట్టుకుంటున్నాను.

డిసెంబర్ 15

మీటింగులో ఒప్పందం కుదరలేదని కోర్టులో రాశారు. బార్ రూములో పెద్దాయన "స్వీట్లు వాపసు ఇవ్వాలా?" అన్నారు. ఉంచుకోండి సార్, ఇంకో డబ్బా కూడా తెస్తాను అన్నాను.

జడ్జి గారి ముందు గంటసేపు నిలబడి అడిగాను. నలుగురే సాక్షులు, ముద్దాయికి అరవై ఎనిమిదేళ్లు, జనవరిలో బతుకుతెరువు కోసం జిల్లా దాటాలి. వెంటవెంటనే తేదీలు కావాలి. మొదట కుదరదన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ అడిగాను. చివరికి డైరీ తిప్పి మూడు తేదీలిచ్చారు. మూడూ జనవరిలోనే!

జనవరి 6, 2026

మల్సూర్ బోనెక్కాడు. జారిపడ్డానని చెప్పాడు. సాక్షి మాట మార్చాడు కాబట్టి రవి గారే తన సాక్షిని ఎదురు ప్రశ్నలు అడగాల్సి వచ్చింది. ఆయన పని ఆయన చేశారు, గట్టిగానే చేశారు. ముద్దాయి మనుషులు భయపెట్టారా? ఏమైనా ముట్టజెప్పారా?

"నన్ను ఎవలు భయపెట్టలే సార్. ఆయన లేసి నిలబడ్డడు. నేను కూసొని సూడలేకపోయిన. గంతే."

టైపిస్టు అది ఎలా కొట్టాలో తెలియక జడ్జి గారి వైపు చూశాడు. ఉన్నదున్నట్టు కొట్టమన్నారు.

జనవరి 7

నిన్న మల్సూర్ తర్వాత జీవన్ వంతు, అది రాయలేదు. జీవన్ అబద్ధమాడతాడని మొన్న రాత్రంతా ప్రశ్నలు తయారు చేసుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. "దెబ్బ తగిలినప్పుడు నేను పొలం దగ్గర లేనండి. రక్తం చూసి అలా అనుకున్నా. అనుకున్నది రాశా." బోను దిగి బీరప్ప పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వెళ్లిపోయాడు. అయినా ఆగాడు.

జనవరి 19

డాక్టరు గారు వచ్చారు. పద్నాలుగో పేజీ ఆయన చేతికిచ్చి ఈ రాత మీదేనా అన్నాను. నాదేనన్నారు. ఇనుప అంచు మీద పడితే ఇలాంటి గాయం అవుతుందా? అవుతుంది. దోటితోనే అయిందని చెప్పగలరా? చెప్పలేను. తీసుకొచ్చిందెవరు? ఆయన చదివారు: "బీరప్ప." నేను ఇంకోసారి చదవమన్నాను, కోర్టంతా వినాలని. జడ్జి గారు "విన్నాంలేమ్మా" అన్నారు.

తర్వాత ఎస్సై. ఫిర్యాదులో ఉన్నదే రాశామన్నాడు. తూము దగ్గరికి వెళ్లి చూశారా అంటే, లేదన్నాడు. ఆ "లేదు" నాకు ఎంత బాగా తెలుసో! నేనూ వెళ్లలేదు కదా. అందుకే ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టకుండా కూర్చున్నాను.

జనవరి 24

దుర్గమ్మ గారు ఫోన్ చేశారు, మఠంపల్లి దగ్గర నుంచి. మంద అక్కడ ఆగింది. మేత వారానికి సరిపోతుందట. "మా ఆయన లేంది దాటము మేడం. జర జల్ది చూడుండ్రి." నా చేతిలో ఏముందమ్మా, ముప్పయ్యో తేదీన తీర్పు అన్నాను. ఫోన్ పెట్టేశాక అన్నం తినబుద్ధి కాలేదు.

జనవరి 29

రేపే.

జనవరి 30, శుక్రవారం

విడుదల! విడుదల! విడుదల!

నేరం రుజువు కానందున ముద్దాయిని విడుదల చేస్తున్నామని జడ్జి గారు చదవగానే నా కళ్ల ముందు అక్షరాలు చెదిరిపోయాయి. వకీలు కోర్టులో ఏడవకూడదని తిరుపతమ్మ గారు నేర్పారు. ఏడ్చాను. నేర్పినవన్నీ ఎలాగూ పాటించలేదు. రవి గారే వచ్చి చెయ్యి కలిపారు. ఆయన ముఖంలో ఓడిపోయిన ఛాయ ఏ కోశానా లేదు.

బీరప్ప మాత్రం బోను దగ్గరే నిలబడ్డాడు. వెళ్లొచ్చు అన్నారు జడ్జి గారు.

"సార్, ఒక్క మాట. సగం నాది ఉన్నది. గొర్లు వరి మేసినయి."

కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జి గారు నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగారు. "ఆ సగం ఈ కేసులో లేదు పెద్దాయనా. ఊళ్లో మీరే చూసుకోండి."

"సూసుకున్నం సార్. రెండు దినాలు ఆయన పొలంల మందను ఆపుత, ఎరువు పడ్తది. గది నా సగం. కోర్టుల గూడ చెప్పాలె గద అని చెప్పిన." నమస్కారం పెట్టి దిగాడు.

గేటు బయట మల్సూర్ ఆటోలో కూర్చుని ఉన్నాడు. జీవన్ డ్రైవరు పక్కన ఉన్నాడు, దిగి చోటు ఇచ్చాడు. మంద మఠంపల్లి నుంచి వెనక్కొచ్చి రెండు రోజులు ఆగి మళ్లీ పోవాలంటే దారి చుట్టే కదా అన్నాను. మంద అలసిపోదా అన్నాను. అసలు అనాల్సింది అది కాదు, నాకు తెలుసు. నెలన్నరగా ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఆటో స్టార్టయింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అనలేను.

"తాతా, నాదీ ఉంది తప్పు. నిన్ను అడక్కుండానే నువ్వు కొట్టావనుకున్నాను. కాగితం చదవకుండా సంతకం పెట్టించాను. ఆ రోజు మల్సూర్ తాత నోరు విప్పకపోయి ఉంటే, నా చేత్తోనే నీకు శిక్ష వేయించేదాన్ని."

రోడ్డు మీద నిలబడి అన్నాను, నల్లకోటుతో, అందరూ చూస్తుండగా. కూర్చునే చోటు కూడా లేదక్కడ.

బీరప్ప మల్సూర్ వైపు చూశాడు. ఇద్దరూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ముఖాలు పెట్టారు. తర్వాత ఆయన ఆటోలోంచి చెయ్యి చాచి నా తల మీద పెట్టాడు.

"సగం మల్సూరన్న తీస్కున్నడు. సగం నేను తీస్కున్న. ఇగ నీకు మిగల్లే బిడ్డా."